మోయువాని బలమును చూడవలసినదెవరు?

కాయకమను మాట వినగానే పనిచేయు చేయి కన్నుల ఎదుట నిలుచును. చెప్పులు కుట్టిన హరళయ్య, బట్టలుతికిన మడివాలు మాచయ్య, త్రాళ్ళు పేనిన నులియ చందయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య - పండ్రెండవ శతాబ్దమున కళ్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులు తమ వృత్తులతోనే నేటికిని గుర్తింపబడుచున్నారు. అంబిగ యనగా కన్నడమున పడవవాడే. చెప్పు, బట్ట, త్రాడు, ఆవలి యొడ్డు - వీరి పనికి కంటికి కనబడు ఫలము కలదు. కాని లోకమున ఫలము కనబడని కాయకము వేరొకటి కలదు. ఒక బరువు క్రింద పడకుండ పట్టుకొని యుండుటయే ఆ కాయకము. అది చక్కగా జరిగినంత కాలము అట్టి పని యొకటి జరుగుచున్నదనియే ఎవరికిని తోచదు. కట్టెల మోపు మోసి, దానిని అమ్మి వచ్చిన ధనముతో జంగమార్చన చేసిన మోళిగె మారయ్య పేరు నిలిచినది. ఆ కట్టెలు మండిన పొయ్యిలనుండి అన్నపు గంగాళములను దింపిన వారందరి పేర్లు నిలువలేదు.

ఇట్లు మోయుచున్నవాని బలము మెల్లమెల్లగా తగ్గుచున్నప్పుడు దానిని ముందుగా కనుగొనవలసిన బాధ్యత ఎవరిది? మోయువానిదా, మోయబడుచున్నవానిదా? "చేతకాకున్న వాడే చెప్పుకొనవలెను, చెప్పనిదే ఎవరికి తెలియును?" అనుట లోకరీతి. ఇండ్లలోను, బడులలోను, మఠములలోను ఈ మాటయే వినబడుచుండును. ఇది ధర్మసమ్మతమగునా యను విషయము విచారింపదగినది.

ఈ విచారణకు దూరదేశపు తెరచాప పడవలోని చిన్న పరికరము నొకదానిని సాధనముగా గైకొనుట వింతగా తోపవచ్చును. కాని మనుష్యుల విషయమున మొగమాటము, అభిమానము అడ్డుపడును. ఇనుప గొట్టమునకు మొగమాటము లేదు. శరణులు కూడ తత్త్వమును తమ పనిముట్లలోనే వెదకిరి. గ్రంథములలో మాత్రమే వెదకలేదు.

ఇంగ్లండు దక్షిణ తీరమునకును వైట్ ద్వీపమునకును నడుమ సోలెంట్ అను జలసంధి యున్నది. హాంబుల్, లిమింగ్టన్, కౌస్ మొదలగు అక్కడి రేవులలో విహారమునకును పందెములకును వాడు తెరచాప పడవలు వేలకొలది నిలిచియుండును. వానిలో ముప్పది, నలుబది అడుగుల పడవ నొకదానిని ఊహింతము. నడుమ నిలువుగా స్తంభము. ఆ స్తంభపు మొదటి భాగమునుండి వెనుక వైపునకు అడ్డముగా చాచిన దూలము. దీనిని నావికులు బూమ్ అందురు. పెద్ద తెరచాప క్రింది అంచు ఈ దూలమును అంటియుండును. దూలము స్తంభమును కలియుచోట ఒక కీలుండును. ఆ కీలు మీద దూలము కుడియెడమలకును, పైకిని క్రిందికిని తిరుగును.

తెరచాప ఎత్తియున్నప్పుడు దూలమును ఆ తెరచాపయే పైనుండి పట్టుకొనును. అప్పటి చిక్కు వేరు: గాలి నిండగానే దూలము పైకి లేవజూచును. దానిని క్రిందికి లాగి పట్టుటకై స్తంభపు పాదమునుండి దూలమునకు ఏటవాలుగా కప్పీలతో కూడిన త్రాడొకటి బిగింతురు. దీనికి వ్యాంగ్ అని పేరు; ఇంగ్లండువారు కిక్కర్ అనియు అందురు. తెరచాపను దించినప్పుడు చిక్కు తలక్రిందులగును. దూలమును పైనుండి పట్టువారెవరును లేరు. వదలివేసిన యెడల అది కూర్చున్నవారి తలలమీదికి దిగును. పూర్వము స్తంభపు శిఖరమునుండి దూలపు వెనుక కొనకు టాపింగ్ లిఫ్ట్ అను త్రాటిని కట్టి వ్రేలాడదీయుచుండిరి. తరువాత ఒకదానిలో నొకటి జారు రెండు గొట్టములతో గట్టి వ్యాంగ్ వచ్చినది. పై త్రాడు దూలమును క్రిందికి లాగును. గొట్టములలోపల దాగిన గ్యాస్ స్ట్రట్ దూలమును పైకి నెట్టును. కొన్ని పడవలలో స్ట్రట్‌కు మారుగా ఉక్కు స్ప్రింగును, మరికొన్నిటిలో వంగి లేచు ఫైబర్‌గ్లాస్ కడ్డీలను వాడుదురు. హైదరాబాదు హుస్సేన్ సాగరమున పందెములకు దిగు లేజర్ వంటి చిన్న పడవలలో ఈ బాధ యేమియు లేదు. అక్కడి వ్యాంగ్ వట్టి త్రాడే. తెరచాప దిగిన దూలమును కూడ ప్రక్కకు దించి పెట్టుదురు.

గ్యాస్ స్ట్రట్ పాఠకులు ఎరుగని వస్తువు కాదు. కార్యాలయపు తిరుగుడు కుర్చీ క్రింద నున్నదియు, కారు వెనుక తలుపును ఎత్తి నిలుపునదియు ఈ జాతిదే. మూసిన ఉక్కు గొట్టము, దానిలో అధిక పీడనమున నింపిన నత్రజని, కొద్దిగా నూనె, లోపల రంధ్రములుగల పిస్టన్, పిస్టన్‌కు తగిలించి బయటకు వచ్చు నునుపైన కడ్డీ, కడ్డీ వెలువడు మూతి వద్ద వాయువు పోకుండ రబ్బరు సీలు. ఇంతియే దాని సర్వస్వము. నత్రజని నేల ఎన్నుకొనిరనగా అది మండదు, లోహముతో తగవు పెట్టుకొనదు. పిస్టన్‌కు రంధ్రములున్నందున వాయువు దానికి రెండు వైపుల నుండును. ఆ రెండు వైపుల ఒత్తిడి చాల భాగము ఒకదానిని ఒకటి రద్దు చేయును. రద్దు కాక మిగులునది కడ్డీ మందమునకు సరిపడు ఒత్తిడి మాత్రమే. కడ్డీ అడ్డుకొలత 10 మిల్లీమీటర్లైన దాని ముఖవైశాల్యము 78½ చదరపు మిల్లీమీటర్లు. లోపలి పీడనము 150 బార్లనుకొన్న - బారనగా ఇంచుమించు వాతావరణ పీడనమంత - ఆ కడ్డీ సుమారు 1,180 న్యూటన్ల బలముతో, అనగా 120 కిలోల బరువు నెత్తగల శక్తితో, బయటకు నెట్టును. చిటికెన వ్రేలంత కడ్డీ ఒక స్థూలకాయుని మోయగలదన్న మాట.

ఇంత బలమెందుకు? దూలము పొడవు 4 మీటర్లు, బరువు 30 కిలోలు, దానిపై మడిచి కట్టిన తెరచాప 20 కిలోలు అనుకొందము. మొత్తము 50 కిలోలు. ఆ బరువు నడిమి బిందువున, కీలుకు 2 మీటర్ల దూరమున పనిచేయును. దానిని వెనుక కొనవద్ద త్రాటితో పట్టిన 25 కిలోల బలము చాలును. కాని వ్యాంగ్ కొనవద్ద నుండదు. అది స్తంభమునకు చేరువగా, కీలుకు 1.2 మీటర్ల దూరమున, అదియును 45 డిగ్రీల ఏటవాలున ఆనుకొనియుండును. అందువలన స్ట్రట్ నెట్టవలసిన బలము సుమారు 118 కిలోలగును. కనబడు బరువు 50. మోయువానిపై పడు బరువు దానికి రెండింతలకు మించినది. కొనవద్దనుండి ఎత్తువాడు అందరికిని కనబడును, వాని శ్రమ తక్కువ. మొదటివద్ద ఒదిగి ఎత్తువాడు ఎవరికిని కనబడడు, వాని శ్రమ ఎక్కువ. గృహములలో ఈ లెక్కను ఎవరును కట్టరు. పండుగనాడు విందు వడ్డించిన వానిని మెచ్చుకొను చుట్టము, తెల్లవారుజామున నీరు తోడినవారి భుజమును గూర్చి అడుగడు.

స్ట్రట్ పోవు విధము ఈ వ్యాసమునకు ముఖ్యమైనది. త్రాడు తెగును, తెగుటకు ముందు పోగులు లేచును. ఉక్కు స్ప్రింగు తుప్పు పట్టి కిరకిరలాడును. గ్యాస్ స్ట్రట్ సాధారణముగా శబ్దము చేయదు. కడ్డీపై ఎండిన ఉప్పు రేణువులు సీలును గీరును. ఏండ్లు గడచిన కొలది వాయువు కొంచెము కొంచెముగా బయటపడును. పై రూపున ఏ మార్పును ఉండదు. గొట్టమునకు పీడనమును చూపు ముల్లు లేదు. దానిపై ముద్రించిన అంకె పుట్టినప్పటి బలమును చెప్పునే గాని నేటి బలమును చెప్పదు. మనుష్యులలోను ఈ రెండు జాతులవారు కలరు. నొప్పి కలిగిన మూలుగువారొక జాతి. వారిని లోకము విసుగుకొనును గాని, వారి బాధ వినబడును గనుక ఏదో యొక సాయము చేయును. మూలుగనివారు రెండవ జాతి. వారిని లోకము మెచ్చుకొనును, మెచ్చుకొని ఊరకుండును.

మౌనముగా సేవ చేయుటను పొగడుట మత సంప్రదాయములన్నిటను ఉన్నదే. పొగడదగినదే. అయినను ఒక ప్రశ్న మిగులును: ఆ మౌనము వలన లాభపడువారెవరు? మోయబడుచున్నవారే. కనుక వారి నోట ఆ పొగడ్త వచ్చినప్పుడు దానిని కొంచెము అనుమానముతో వినవలసియుండును.

పడవలో జరుగు మోసమును చూడవలెను. మోసమన్నది పెద్ద మాటయే. ఎవరును కావలెనని చేయునది కాదు. దూలము మునుపటికన్న రెండంగుళములు క్రిందుగా నిలిచినది. యజమాని చూచును. "చలికాలము గదా" అనుకొనును. ఇందులో నిజము లేకపోలేదు. వాయువు చల్లబడిన పీడనము తగ్గును. ఉష్ణము 10 డిగ్రీలు తగ్గిన స్ట్రట్ బలము నూటికి సుమారు 3½ వంతులు తగ్గును. వేసవికిని శీతకాలమునకును 20 డిగ్రీల భేదమున్నచో నూటికి 7 వంతులు. కాని పోయినది 7 వంతులు కాదు, 30 వంతులు. సగము నిజమైన కారణము చేతికందినప్పుడు మిగిలిన సగమును వెదకువారు అరుదు. ముసలి తల్లి మెట్లెక్కుచు నిలిచిపోయిన "ఎండ ఎక్కువగా ఉన్నది" అనుకొను కొడుకు కూడ అబద్ధమాడుట లేదు.

తరువాత యజమాని టాపింగ్ లిఫ్ట్ త్రాటిని కొంచెము బిగించును. దూలము మరల సరియైన చోట నిలుచును. సమస్య తీరినట్లే. నెల గడచిన పిదప మరికొంచెము బిగించును. ఒకనాటికి బరువంతయు త్రాటిమీదనే పడును. స్ట్రట్ పేరునకు మాత్రము మిగులును. ఈ సర్దుబాటులో మూడవవాడొకడు నష్టపడుచున్నాడు. బిగిసియున్న ఆ త్రాడు తెరచాప వెనుక అంచునకు రాసుకొనుచు, ఊగిన ప్రతి మారును దాని కుట్లను అరగదీయును. స్ట్రట్‌ను మార్చుటకగు ఖర్చును తప్పించుకొన్న యజమాని కొన్ని ఋతువుల పిదప తెరచాప కుట్టించుటకు దానికన్న పెద్ద మొత్తము ఇచ్చును. పెద్దకోడలి నడుము విరిగిన సంగతి తెలియక, లేదా తెలియనట్లుండి, చిన్నకోడలిని "కొంచెము చేయి వేయుము" అనునట్టి ఇంటిలో జరుగునది ఇదియే. బరువు తగ్గలేదు, చేతులు మారినది. మారినట్లు ఎవరును పలుకలేదు.

మోసము మరియొక రూపమున కూడ వచ్చును. ఇంగ్లండున శీతకాలమున అనేకులు పడవలను ఒడ్డునకెక్కించి, తెరచాపలను విప్పి దాచుదురు. పరీక్షించుటకు తీరిక దొరకు కాలమదియే. అప్పుడు దూలముపై తెరచాప బరువులేదు. ఉన్నది 30 కిలోలే. పై లెక్కలోని స్ట్రట్ పీడనము 100 బార్లకు దిగజారినను 34 కిలోలవరకు ఆపగలదు. వట్టి దూలము నిక్కముగా నిలుచును. యజమాని సంతోషించును. వసంతమున తెరచాప ఎక్కించి సముద్రమునకు పోయి, సాయంకాలము గాలిలో తెరచాపను దింపిన క్షణమున 50 కిలోల బరువు మీద పడినప్పుడు గాని నిజము తెలియదు. ఆ సమయమున దూలము క్రింద ఎవరో ఒకరు నిలిచియుందురు. సెలవు దినములలో చూచి "బాగుగానే యున్నాడు" అని నిర్ణయించుట ఇట్టిదే. బరువుతో నున్నప్పుడు చూచుటయే చూచుట.

స్ట్రట్ తనంతట తాను చెప్పలేదు. ఐన దాని బలము తెలియుటకు మార్గమే లేదా? కలదు, చాల సులభమైనది. తెరచాపను దూలముపై మడిచి యుంచి, క్రింద ఎవరును లేకుండ చూచి, టాపింగ్ లిఫ్ట్ త్రాటిని మెల్లగా వదలవలెను. దూలము నిలుచునా, దిగునా? నిలిచినచో చేతితో కొంచెము క్రిందికి నొక్కి వదలవలెను. తిరిగి లేచునా? అయిదు నిమిషముల పని. ఈ పరీక్ష చేయగలవాడు పైనున్న త్రాటిని పట్టుకొన్నవాడే. అది స్ట్రట్ చేతిలో లేదు. బాధ్యత ఎవరిదను ప్రశ్నకు సమాధానము ఇక్కడనే దొరకుచున్నది. బరువును ఎక్కించుటకును దింపుటకును అధికారము ఎవరికి కలదో, బలమును పరీక్షింపవలసినవాడును వాడే. మోయువానికి ఆ అధికారము లేదు. చెప్పుకొనుము అని వానితో అనుట, చేతిలో లేని త్రాటిని వదలుమని అడుగుట.

దీనికి ఎదురువాదము కలదు. మనుష్యుడు గొట్టము కాదు, వానికి నోరున్నది, నోరున్నవాడు నోరు విప్పకుండుట వాని తప్పు కాదా? కొంతవరకు తప్పే. కాని నోరు విప్పినచో పని పోవునను భయముగలవాడు, విప్పినచో భక్తి తక్కువయను నింద వచ్చునని వెఱచువాడు, విప్పుటయే ఎరుగనట్లు పెంచబడిన ఆడుబిడ్డ - వీరికి నోరున్నదని చెప్పుట శరీరశాస్త్రము మాత్రమే. బిజ్జలుని కొలువున భాండారమును కాపాడిన బసవేశ్వరుడు లెక్క చూపుట ఎట్టిదో ఎరిగినవాడు. భాండారమునకు లెక్క అడుగుట యజమాని పని. కొట్టులోని ధాన్యమునకు లెక్క చూచు పెద్దలు ఆ ధాన్యమును దంచు చేతులకు లెక్క చూడకుండుట ఏ న్యాయము?

ఇక మార్చు పనికి వత్తము. మొదట దూలమును వేరొక ఆధారమున నిలుపవలెను. టాపింగ్ లిఫ్ట్ త్రాటితోనో, తెరచాపను ఎత్తు త్రాటిని దూలపు కొనకు తగిలించియో దానిని భద్రపరచిన పిమ్మటనే వ్యాంగ్‌ను తాకవలెను. పాత ఆధారమును తీసిన పిదప క్రొత్తదానిని వెదకువాడు అవివేకి. తరువాత కప్పీల త్రాటిని వదులుచేసి, రెండు కొనలయందున్న పిన్నులను ఊడదీసి, వ్యాంగ్‌ను క్రిందికి దింపి బల్లపై పెట్టుదురు. కష్టమంతయు ఇక్కడ మొదలగును. గొట్టములు అల్యూమినియమువి; పిన్నులు, మరలు స్టెయిన్‌లెస్ ఉక్కువి. ఈ రెండు లోహములు ఉప్పునీటి సహవాసమున ఒకదానిని ఒకటి పట్టివేయును. అల్యూమినియము తెల్లని పొడిగా మారి సందులను పూడ్చును. పదేండ్లుగా కదలని మర ఒక్క పట్టున రాదు. వేడినీరు పోసి ఉప్పును కరిగించి, సందులలోనికి పాకు నూనె వేసి, రాత్రియంతయు ఉంచి, మరునాడు మరల ప్రయత్నింపవలెను. సుత్తి ఎత్తుటకు అందరికిని చేయి దురదపెట్టును. లోపలనున్నది పీడనముగల పాత్ర. దానిని కొట్టరాదు, తొలువరాదు, నిప్పున కాల్చరాదు. బలము తగ్గినదే గాని లేకపోలేదు.

తమ చేతితోనే చేయవలెనా, కూలి ఇచ్చి చేయింపవలెనా యను మాట పెద్దది కాదు. తెలిసినవాడు చేయవచ్చును, తెలియనివాడు తెలిసినవానికి న్యాయమైన కూలి ఇయ్యవచ్చును. నడిసముద్రమున మాత్రము ఈ ఎన్నిక యుండదు. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి బయలుదేరి 2018 మే 21వ తేదీన తిరిగివచ్చిన తారిణి యను భారత నౌకాదళపు తెరచాప నావపై ఆరుగురు స్త్రీలు భూప్రదక్షిణము చేసిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు తెలుగు బిడ్డలు. ఆ నావ కూడ తిరుగు ప్రయాణమున చుక్కాని యంత్రపు లోపమువలన మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ రేవున ఆగవలసివచ్చినది. ఇట్టి ప్రయాణములలో తెరచాప ఎత్తుటకన్న ప్రతి పిన్నును, ప్రతి త్రాటిని చేతితో తడిమి చూచుటకే ఎక్కువ కాలము పట్టునని నావికులు చెప్పుదురు. ఆ తడిమి చూచుట చిత్రపటములలో కనబడదు.

పాత స్ట్రట్ బయటకు వచ్చినది. దానికి సమానమైన క్రొత్తది కావలెను. సమానమనగా నాలుగు కొలతలు: పూర్తిగా చాచినప్పటి పొడవు, కడ్డీ లోపలికి పోగల దూరము, కొనలయందలి బిగింపుల తీరు, న్యూటన్లలో బలము. బలపు అంకె చెరిగిపోయినచో స్ప్రింగు త్రాసుతో దూలపు కొనను ఎత్తి చూచి, పైన చెప్పిన లెక్క వేసికొనవచ్చును. ఇక్కడ ఒక ఆశ పుట్టును: పాతది 1,180 న్యూటన్లది గదా, ఈ మారు 2,000 న్యూటన్లది వేసిన ఇంకను గట్టిగా నుండును గదా! ఉండదు. అతిబలమైన స్ట్రట్ దూలమును అవసరమునకు మించి నెట్టును. మందమైన గాలిలో దూలము క్రిందికి రావలసినప్పుడు రాదు. తెరచాప వెనుక అంచు విడిపోయి గాలి జారిపోవును. స్తంభపు కీలు నిరంతరము ఒత్తిడికి లోనగును. బలహీనమైన ఆధారము తలపై పడును. అతిబలమైన ఆధారము తాను మోయుచున్న వస్తువునే వంచును.

ఈ తూకమును ఎరిగిన స్త్రీ శరణులలో నొకతె కలదు. ఆయ్దక్కి మారయ్య చెదరిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటను కాయకముగా గైకొన్నవాడు. ఆయన భార్య లక్కమ్మ. గోష్ఠిలో కూర్చుండి ఆయన పనిని మరచిననాడు, పని ఆగినదని లేపి పంపినది ఆమెయే. మరియొకనాడు నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ బియ్యము తెచ్చినప్పుడు, అధికమైనది మనకు వలదు, తెచ్చినచోటనే వదలి రమ్మని పంపినదియు ఆమెయే. ఈ రెండు కథలను వేరువేరుగా చెప్పుట వాడుక. మొదటిదానిని సోమరితనమునకు, రెండవదానిని అత్యాశకు ఉదాహరణముగా చూపుదురు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టిన వేరొక సంగతి తెలియును. లక్కమ్మ ప్రతిదినము చూచుచున్నది. నిన్నటి బియ్యము ఎంత, నేటిది ఎంత, ఈయన నడక ఎట్లున్నది, మూట ఎంత బరువైనది - ఇవన్నియు ఆమెకు తెలియును. చూడనివారికి తగ్గుదలయు తెలియదు, పెరుగుదలయు తెలియదు. మారయ్య తెచ్చిన బియ్యము తినునది లక్కమ్మయు, వారింటికి వచ్చు జంగములును. తినువారిలో నొకతె మోయువాని బరువును చూచినది.

స్ట్రట్ విషయమున పనిచేయు నియమమును మనుష్యుల విషయమున పూర్తిగా వర్తింపజేయుట ఘోరము. స్ట్రట్ మూసిన గొట్టము. సీలు పోయిన దానిని సాధారణముగా బాగుచేయరు, తీసివేసి క్రొత్తది వేయుదురు. వృద్ధుడైన వంటవానిని "బలము తగ్గినది" అని పంపివేసి పడుచువానిని తెచ్చుట ఈ నియమమే. అట్లు చేయు సంస్థలు లేకపోలేదు. దూలము బరువు మారదు గనుక స్ట్రట్‌ను మార్చుదురు; మనుష్యుల నడుమ బరువునే మార్చవచ్చును, పంచవచ్చును, పాత్రను చిన్నది చేయవచ్చును. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలకొలది విద్యార్థుల అన్నమునకును చదువునకును ఆధారమై, 2019 జనవరి 21వ తేదీన తమ 111 యేండ్ల వయస్సున లింగైక్యమైన శివకుమార స్వాములవారు కడు వార్ధక్యమున కూడ పూజను, దాసోహ చింతను విడువలేదు. వృద్ధాప్యము కాయకమునకు అడ్డు కాదనుటకు అది నిదర్శనము. అయితే దానిని చూపి, ప్రతి వృద్ధుడును అంతే బరువు మోయవలెనని కోరుట స్వాములవారిని గౌరవించుట కాదు.

కనుక ఘోరములు రెండు. మనుష్యుని స్ట్రట్‌వలె మార్చివేయుట యొకటి. స్ట్రట్‌కు ఇచ్చినపాటి శ్రద్ధయైన మనుష్యునికి ఈయకుండుట రెండవది. మొదటిదానిని అందరును నిందింతురు. రెండవది నిత్యము జరుగుచున్నను నిందకు పాత్రము కాదు, ఏలయన అందులో ఎవరును ఏమియు చేయరు. చేయకుండుటయే అందలి చర్య.

క్రొత్త స్ట్రట్‌ను బిగించునప్పుడు వీలైనంతవరకు కడ్డీ క్రిందుగా నుండునట్లు అమర్చుదురు. అప్పుడు లోపలి నూనె దిగి సీలును తడిగా నుంచును. తడిసిన సీలు ఎక్కువ కాలము మన్నును. కడ్డీని పట్టుకారుతో పట్టరాదు. పడిన చిన్న గీటయే రేపటి చిల్లు. ఉక్కు అల్యూమినియమును తాకుచోట రెండింటిని వేరుచేయు లేపనమును పూయుదురు, మరల పదేండ్లకు విప్పవలసినవాడు వేడినీటితో రాత్రులు గడపకుండునట్లు. పిన్నులను దూర్చి, వాని చివరలయందు స్ప్లిట్ పిన్నులను వంచి, కప్పీల త్రాటిని తగిలించి, అటుపిమ్మట టాపింగ్ లిఫ్ట్‌ను మెల్లగా వదలుదురు. దూలము నిలుచును. పాతదానిని చెత్తలో వేయరు, నిప్పులో అసలే వేయరు. పీడనము తీయుట తెలిసినవారికి అప్పగింతురు.

జాగ్రత్తగల నావికులు క్రొత్త గొట్టముపై చెరగని సిరాతో ఆ సంవత్సరమును, బలపు అంకెను వ్రాసి, పడవ పుస్తకమున కూడ ఎక్కింతురు. తరువాత పడవ కొన్నవానికైనను అది ఎన్నేండ్లుగా మోయుచున్నదో తెలియును. మఠములలో వ్రాతలకు కొదువ లేదు. దాసోహపు గంగాళముల అంచులమీద దాత పేరు, ఊరు, ఇచ్చిన సంవత్సరము చెక్కియుండును. పొయ్యి మసి పట్టినను తోమిన వెంటనే అక్షరములు మరల కనబడును. నలుగురు ఎత్తవలసిన అట్టి గంగాళమును ఇద్దరు ఎత్తుచున్నచోట, ఆ ఇద్దరు ఏ యేట చేరిరో, అప్పుడు వారి వయస్సెంతో, దాసోహపు లెక్కల పుస్తకమున ఒక పుట కేటాయించి వ్రాయుటకు అర్ధగంట కూడ పట్టదు.